గుద్దుకున్న మోడిఫైడ్ కారు: బిల్లులు వేరు, బేరం వేరు

టో ట్రక్కు మీంచి బండిని దించిన క్షణం నుంచే యజమాని తలలో ఒక కూడిక మొదలవుతుంది. టర్బోకు ఇంత, కాయిలోవర్లకు (ఎత్తు మార్చుకునే సస్పెన్షన్‌కు) ఇంత, ఫోర్జ్‌డ్ పిస్టన్లతో ఇంజిన్ మళ్లీ కట్టించినందుకు ఇంత, డైనో (ఇంజిన్ శక్తి కొలిచే యంత్రం) మీద రెండు రోజులు కూర్చుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ట్యూన్ చేసినవాడికి ఇంత. ముందు భాగం నుజ్జయి, రేడియేటర్ ఫ్యాన్ వచ్చి ఇంజిన్ పుల్లీకి ఆనుకుని ఉన్నా, ఆ కూడికలో తేలిన మొత్తం మాత్రం చెక్కుచెదరదు. అమ్మకంలో జరిగే తప్పుల్లో సగం ఆ అంకె దగ్గరే పుడతాయి.

కొనడానికి వచ్చేవాడి లెక్క పూర్తిగా వేరు. కళ్లెదుట కనిపిస్తున్న దెబ్బకు అతను ఒక ఖర్చు వేసుకుంటాడు. అదేం పెద్ద విషయం కాదు, పార్టు ధర, కూలి కలిపితే తేలిపోతుంది. ఆ తర్వాత కనిపించనిదానికి ఇంకొంత తీసేస్తాడు. ఇంజిన్ ఆయిల్ లేకుండా ఎంతసేపు తిరిగిందో, చాసిస్ ఎక్కడ వంగిందో, యజమాని ఏం దాస్తున్నాడో తెలియదు గనక తీసే ఈ రెండో మొత్తం చాలాసార్లు మొదటిదానికంటే పెద్దది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కారైతే ఆ అనుమానానికి ఒక హద్దు ఉంటుంది. కంపెనీ కొలతలుంటాయి, పార్టు నంబర్లుంటాయి, అలాంటిదే మరో కారు పక్కన పెట్టి పోల్చి చూడొచ్చు. బాగా మార్పులు చేసిన కారుకు పోలిక దొరకదు. ఇలాంటిది ఇదొక్కటే అని నిన్నటిదాకా గొప్పగా చెప్పుకున్న మాటే ఇవాళ బేరంలో ఎదురు తిరుగుతుంది.

నిజానికి దెబ్బ తగలకముందే ఈ కార్ల ధరలో ఒక మెలిక ఉంది. టొయోటా సుప్రా నాలుగో తరం, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34, మిత్సుబిషి ల్యాన్సర్ ఎవొల్యూషన్, మాజ్డా ఆర్ఎక్స్-7 లాంటివి మార్పులకే పుట్టాయా అన్నట్టు ప్రపంచమంతా విప్పి బిగించుకున్న కార్లు. సుప్రాలోని మూడు లీటర్ల 2జేజెడ్-జీటీఈ ఇంజిన్ ఫ్యాక్టరీ ఇచ్చిన శక్తికి రెండింతలు ఇచ్చినా తట్టుకుంటుందన్న పేరు ఊరికే రాలేదు. అయినా ఈ రోజు సంగ్రాహకులు ఎక్కువ ధర పెట్టేది చేయి పడని ఒరిజినల్ కార్లకే. ఒకరి అభిరుచికి పెట్టిన ఖర్చును ఇంకొకరి జేబు పూర్తిగా తిరిగి ఇవ్వదు. అమ్మేవాడు పరుగు మొదలుపెట్టే గీతే కాస్త వెనక ఉందన్నమాట.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అనే సామెతకు సరిపోయే కార్లు కూడా లేకపోలేదు. 2023 ఆగస్టులో మాంటెరేలో ఆర్‌ఎం సోథ్‌బీస్ వేలంలో 1954 నాటి ఫెరారీ 500 మోండియల్ ఒకటి 18.75 లక్షల డాలర్లకు పోయింది. అది కారు రూపంలో కూడా లేదు. దశాబ్దాల కిందట రేసులో గుద్దుకుని, కాలి, నలిగిన రేకుల కుప్ప. డబ్బు పెట్టినవాళ్లు కొన్నది ఆ చాసిస్ నంబరును, దాని వెనకున్న రేసు చరిత్రను. మార్పులు చేసిన రోడ్డు కారుకు ఆ యోగం ఉండదు. దాని విలువ నంబరులో కంటే బిగించిన సామానులో, ఆ సామాను ఎంత బాగా కలిసి పనిచేస్తుందన్నదానిలో ఉంది. గుద్దుకోవడం వల్ల ముందు తెగేది ఈ రెండోదే.

స్పానర్ పట్టేముందు

ఇన్సూరెన్స్ వ్యవహారం తేలేదాకా బండి మీద చేయి వేయకపోవడం మంచిది. సర్వేయర్ చూసేలోపు సీట్లు, చక్రాలు విప్పి ఇంట్లో పెట్టుకుంటే ఆయన చూసిన కారు వేరు, క్లెయిమ్ రాసిన కారు వేరు అవుతుంది. టోటల్ లాస్‌గా (బాగుచేయడం గిట్టదని తేల్చి) సెటిల్ అయ్యాక మామూలుగా ఆ శిథిలం కంపెనీదే. అప్పుడు విప్పిన పార్టులు ఎవరివన్నది కొత్త తగువు. వాటిని ఉంచుకోవాలనుకుంటే సెటిల్‌మెంట్‌కు ముందే రాతపూర్వకంగా అడగాలి. శిథిలం మొత్తాన్నీ తిరిగి యజమానికే ఇచ్చి, దాని విలువను పరిహారంలో తగ్గించుకునే ఏర్పాటు చాలా చోట్ల ఉంది. మార్పులు ఎక్కువగా ఉన్న కారుకు ఇదే తరచూ లాభం. తుక్కు వేలంలో కొనేవాళ్లు ఇంజిన్ లోపల ఏం వేశారో చూడరు, బయటి రేకు చూసి పాడతారు. ఆ తేడా యజమానికి మిగులుతుంది.

మార్పుల సంగతి పాలసీలో ముందే చెప్పనివాళ్లకు ఇది గోరుచుట్టు మీద రోకటి పోటు. చెప్పని మార్పుల విలువ రాకపోవడం ఒక ఎత్తు, మొత్తం క్లెయిమే తిరస్కరించే ప్రమాదం మరో ఎత్తు. కారు విలువను ముందుగానే ఒప్పుకుని రాసుకునే అగ్రీడ్ వాల్యూ పాలసీలు బాగా పనికొచ్చేది ఇలాంటి కార్లకే. అవి ఉన్నవాళ్లు ఈ వ్యాసంలో సగం చదవనక్కర్లేదు.

ఇన్సూరెన్స్ కంపెనీ కారు మీద వేసే ముద్ర దాని జీవితాంతం వెంటాడుతుంది. బ్రిటన్‌లో 2017 అక్టోబరు నుంచి ఎ, బి, ఎస్, ఎన్ అనే నాలుగు వర్గాలున్నాయి. ఎ అంటే మొత్తం నలిపేయాల్సిందే. బి అంటే బాడీ షెల్ నలిపేయాలి, పార్టులు వాడుకోవచ్చు. ఎస్ అంటే నిర్మాణ భాగాలు దెబ్బతిన్నాయి, బాగుచేయొచ్చు. ఎన్ అంటే ఆ భాగాలు బాగానే ఉన్నాయి. అంతకుముందున్న సి, డి వర్గాలు రిపేరు ఖర్చు చుట్టూ తిరిగేవి. కొత్తవి దెబ్బ ఎక్కడ తగిలిందన్నది చూస్తాయి. కొనేవాడికి కావలసింది ఈ రెండోదే గనక ఈ మార్పు అమ్మకాల్లోనూ ప్రభావం చూపింది. అమెరికాలో రాష్ట్రాన్నిబట్టి నష్టం హద్దు మారుతూ సాల్వేజ్ టైటిల్ (దెబ్బతిన్న కారని చెప్పే యాజమాన్య పత్రం), బాగుచేసి తనిఖీ దాటాక రీబిల్ట్ టైటిల్ ఇస్తారు. జపాన్ వేలాల్లో దెబ్బతిని బాగైన కారుకు ఆర్ గ్రేడ్ పడుతుంది. అయితే బోల్టులతో ఊడే బంపరో ఫెండరో మార్చినంత మాత్రాన ఆ ముద్ర పడదు. అస్థిపంజరం లాంటి భాగాలకు దెబ్బ తగిలితేనే అక్కడ దాన్ని ‘రిపేరు చరిత్ర’ అంటారు. మూడు దేశాలు, మూడు పద్ధతులు, కొనేవాడు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే: ఎముక విరిగిందా, చర్మం గీరుకుందా?

ఎముక ఎక్కడ విరుగుతుంది

ఆ ప్రశ్నకు జవాబు మోడిఫైడ్ కారులో మామూలు కారులో ఉన్నంత తేలిగ్గా దొరకదు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం క్రమంగా ముడతలు పడి దెబ్బను మింగాలన్నది మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేని ఆలోచన. 1959లో వచ్చిన డబ్ల్యూ111 కార్లలో అది రోడ్డెక్కింది. ఇప్పటి కార్లలో మామూలుగా బంపర్ బీమ్, దాని వెనక క్రష్ బాక్సులు (ముడతపడే డబ్బాలు), వాటి వెనక చాసిస్ రైళ్లు (పొడవాటి దూలాలు) అనే వరసలో దెబ్బ నడిచే దారి ఒకటి గీసి ఉంటుంది. మార్పులు ఆ దారిని తిప్పేస్తాయి. పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) ముందు పెట్టడానికి చాలా కిట్లలో బంపర్ బీమ్‌ను కోసేస్తారు, లేదా తీసేసి సన్నటి పైపు పెడతారు. అలాంటి కారు పార్కింగు వేగంలో గుద్దినా దెబ్బ నేరుగా రైలు చివరకు వెళ్తుంది. స్ట్రట్ బార్ (ముందు సస్పెన్షన్ పైభాగాలు కూర్చునే రెండు టవర్లను కలిపే కడ్డీ) ఉంటే ఎడమ టవర్‌కు తగిలిన తోపు కుడి టవర్‌కూ కొంత చేరుతుంది. ఇంజిన్‌కు మెత్తటి రబ్బరు మౌంట్ల బదులు పాలీయూరిథేన్ మౌంట్లు పెడితే ఇంజిన్ కదలిక గేర్‌బాక్స్ హౌసింగు మీద, సబ్‌ఫ్రేమ్ మీద పడుతుంది. బెల్‌హౌసింగులో (గేర్‌బాక్స్ ఇంజిన్‌కు కలిసే గుల్లలో) వెంట్రుకంత చీలిక ఇలాగే వస్తుంది. రోల్ కేజ్ (కారు లోపలి రక్షణ పైపుల పంజరం) పాదాలు వెల్డ్ చేసిన చోట నేల రేకు అలల్లా లేచిందంటే కేజ్ తన పని చేసిందని అర్థం. ఆ కేజ్ మీద ఇక నమ్మకం పెట్టుకోకూడదనీ అర్థం.

ఇప్పుడు కాస్త దగ్గరకు వెళ్లి చూద్దాం. బానెట్ ఎత్తి, ఎడమ చాసిస్ రైలు మీదుగా వేలితో నెమ్మదిగా తడుముకుంటూ వెళ్లాలి. ఫ్యాక్టరీ స్పాట్ వెల్డులు దాదాపు సమాన దూరంలో చిన్న గుంటల్లా తగులుతాయి. ఒకచోట అవి మాయమై నున్నగా ఉంటే అక్కడ ఎవరో గ్రైండర్ ఆడించారు. రేకు రెండు పొరలు కలిసే చోట ఫ్యాక్టరీ సీలెంట్ ఒకే వెడల్పులో, రోబో గీసినట్టు ఉంటుంది. చేత్తో పూసింది వంకరపోతుంది, గోరు నొక్కితే ఒక్కోసారి ఇంకా మెత్తగా ఉంటుంది. ఫెండర్ బోల్టు తలల మీద పెయింటు అంచులు చిట్లి ఉంటే ఆ బోల్టును ఎప్పుడో విప్పారు. పెయింటు మందం కొలిచే గేజ్ పెడితే ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య చూపిస్తుంది. అదే రేకు మీద జానెడు పక్కకు జరిపితే 900 అని చూపించిందంటే కింద పుట్టీ ఉన్నట్టే. పైన పటారం, లోన లొటారం అనే మాటకు ఇంతకంటే కచ్చితమైన కొలత లేదు. ఆ గేజ్‌కూ ఒక గుడ్డి మూల ఉంది. అది లోహం మీదే చదువుతుంది. మోడిఫైడ్ కారులో బానెట్ కార్బన్ ఫైబర్, ఫెండర్లు ఫైబర్‌గ్లాస్ అయితే అక్కడ పనికిరాదు. ఆ మేరకు అమ్మేవాడి మాట మీదే ఆధారపడాలి, అంటే ఆ మేరకు ధర పడిపోతుంది.

అలైన్‌మెంట్ షీటు (చక్రాల కోణాల కొలతల కాగితం) గురించి ఒక మాట చెప్పుకోవాలి, ఇక్కడ మోసపోయేవాళ్లూ తెలియకుండా మోసం చేసేవాళ్లూ ఎక్కువ. మామూలు కారు ముందు చాసిస్ వంగితే అలైన్‌మెంట్ కుదరదు. క్యాంబర్, కాస్టర్ అనే కోణాలు సరిచేసే వీలు తక్కువ గనక తప్పు బయటపడుతుంది. సర్దుకునే క్యాంబర్ ప్లేట్లు, పొడవు మార్చుకునే కంట్రోల్ ఆర్ములు ఉన్న కారులో వంగిన టవర్‌ను కూడా ఆ ప్లేట్లతోనే కప్పిపుచ్చొచ్చు. షీటు మీద అన్నీ పచ్చ గడులే వస్తాయి. చూడవలసింది షీటును కాదు, ప్లేట్లను. ఎడమ ప్లేటు మధ్య గీతలో, కుడి ప్లేటు చివరి గీతలో ఉంటే ఆ రెండింటి తేడాలోనే వంకర దాక్కుని ఉంది. ఇలాంటి కారును కొలిచే బెంచి మీద ఎక్కించి, కింద ఉన్న ఫ్యాక్టరీ రంధ్రాల మధ్య కొలతలు తీయించడం ఒక్కటే సరైన పద్ధతి. అమ్మేవాడు ఆ కొలతల షీటు తనే ముందు తీయించి పెడితే? కొలత బాగా వస్తే ధర నిలుస్తుంది. బాగా రాకపోయినా ‘ఎంత వంగిందో’ అనే భయం పోయి, ‘ఇంత వంగింది’ అనే అంకె వస్తుంది. అంకెతో బేరమాడొచ్చు, భయంతో ఆడలేం.

ఆధునిక కార్లలో మరో చిక్కు ఉంది. పిల్లర్లలో, సిల్స్‌లో (తలుపుల కింది దూలాల్లో) వాడే బోరాన్ స్టీలును వేడిచేసి లాగకూడదు, దాని బలమంతా ఫ్యాక్టరీలో వేడిచేసి చల్లార్చిన తీరులోనే ఉంది. మంట తగిలిన బోరాన్ స్టీలు చూపుకు అలాగే ఉంటుంది, రెండోసారి గుద్దుకుంటే కాగితంలా మడత పడుతుంది. పాత జపాన్ టర్బో కార్లు మెత్తటి స్టీలు గనక ఈ విషయంలో కాస్త క్షమిస్తాయి. కానీ వాటిలో చాలావాటికి చాసిస్ నంబరు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకు) మీదే చెక్కి ఉంటుంది. ముందు భాగం మొత్తం కోసి మరో కారు నుంచి తెచ్చి అతికే పనిలో ఆ రేకు జోలికి వెళ్తే దెబ్బ కాస్తా చట్టపరమైన చిక్కుగా మారుతుంది. అలాంటి కారును పార్టులుగా తప్ప అమ్మకపోవడమే క్షేమం.

ఇంజిన్ సాక్ష్యం

ఇంజిన్ స్టార్ట్ అవుతోంది అనే మాట ప్రతి ప్రకటనలోనూ కనిపిస్తుంది. దాని విలువ చాలా తక్కువ. గుద్దుకున్న క్షణంలో ఆయిల్ కూలర్ పగిలినా, కారు పక్కకు వాలి ఆయిల్ పికప్ (ఆయిల్ పీల్చే గొట్టం) గాలి పీల్చినా, ఇంజిన్ ఆగేలోపు కొన్ని సెకన్లలోనే బేరింగులు గీరుకుపోతాయి. ఆ గాయంతో ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, బాగానే మోగుతుంది, కొత్త యజమాని మొదటిసారి పూర్తి బూస్ట్ (టర్బో ఒత్తిడి) ఇచ్చినప్పుడు విరుగుతుంది. ఆ తర్వాత వచ్చే ఫోను ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మోడిఫైడ్ కారుకు కలిసొచ్చేది కూడా సరిగ్గా ఇక్కడే. మోటెక్, హాల్టెక్, లింక్ లాంటి స్టాండలోన్ ఈసీయూలు (ఫ్యాక్టరీదాని బదులు బిగించేవి) ఆయిల్ ప్రెషర్, కూలెంట్ వేడి, ఇంజిన్ వేగం, బూస్ట్ అన్నిటినీ సెకనుకు చాలాసార్లు రాసుకోగలవు. చివరి ప్రయాణం లాగ్ (ఆ రికార్డు) దొరికితే గుద్దుకున్నాక ప్రెషర్ ఎప్పుడు పడింది, ఇంజిన్ ఎప్పుడు ఆగింది గ్రాఫులోనే తెలుస్తుంది. ప్రెషర్ పడగానే ఇంజిన్ ఆపేసే సేఫ్టీ కట్ పనిచేసి ఉంటే అదీ కనిపిస్తుంది. ఏ మెకానిక్ మాటా ఆ గీతంత బలమైన సాక్ష్యం కాదు. అయితే ఆ లాగ్ వెంటనే తీసి దాచాలి, బ్యాటరీ మార్చి నాలుగుసార్లు స్టార్ట్ చేసి చూసేలోపు పాత రికార్డు మీద కొత్తది ఎక్కవచ్చు.

లాగ్ లేనివాళ్లకు పాత పద్ధతి ఉంది. ఆయిల్ ఫిల్టరును కోసి, లోపలి మడతల కాగితాన్ని చాపి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూడాలి. నల్లటి మసి మాత్రమే ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. బంగారు రంగు లేదా వెండి రంగు రజను మెరిసిందంటే బేరింగులు పోతున్నట్టు. దానికి కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసేవి) అంకెలు, యాక్సిడెంట్‌కు ముందు తీసిన డైనో షీటు జోడిస్తే కొనేవాడు తీసేసే ఆ రెండో మొత్తం బాగా తగ్గుతుంది. ఖర్చు ఒక పూట పని. ఇంత చవకగా ధర పెంచే పని ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదు, విచిత్రంగా ఎక్కువమంది పాలిష్ చేయించడానికి డబ్బు పెడతారు, దీనికి పెట్టరు.

కొత్త కార్లలో కారు తనంతట తాను రాసుకున్న రికార్డు కూడా ఉంటుంది. గుద్దుకోవడానికి ముందరి కొన్ని సెకన్ల వేగం, బ్రేకు, యాక్సిలరేటర్ వివరాలను ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ దాచుకుంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2024 జులై నుంచి కొత్తగా అమ్మే ప్రతి కారులోనూ ఈ రికార్డర్ తప్పనిసరి. ‘నలభైలో వెళ్తుంటే కుక్క అడ్డొచ్చింది’ అని కథ చెప్పేముందు కారు ఏం రాసుకుందో గుర్తుంచుకోవడం మంచిది.

మొత్తంగానా, ముక్కలుగానా

ఇక అసలు ప్రశ్న. ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క వేద్దాం. దెబ్బ తగలని ఒరిజినల్ కారు ధర 100 అనుకుంటే, మార్పులకు అయింది 80. గుద్దుకోకముందు మార్పులతో సహా అది 110కి పోయేది. ఇప్పుడు ఉన్నదున్నట్టు అమ్మితే 35 వస్తుంది. 45 ఖర్చుపెట్టి బాగుచేయిస్తే, పుస్తకంలో ముద్ర పడింది గనక 70కి పోతుంది, చేతికి మిగిలేది 25. విప్పి అమ్మితే ఇంజిన్, గేర్‌బాక్స్ 25, చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్ 18, ఈసీయూ, సీట్లు 7, మిగిలిన షెల్ 5, మొత్తం 55. కాగితం మీద చివరి దారే బంగారం. కానీ ఆ 55 చేతికి రావడానికి నెలలు పడుతుంది. మొదటి 30 రెండు వారాల్లో వస్తుంది, చివరి 10 కోసం గ్యారేజీలో సగం విప్పిన బండి, ‘లాస్ట్ ప్రైస్ ఎంత’ అని రాత్రి పదకొండింటికి వచ్చే మెసేజీలు, పార్సిల్‌లో పగిలాయని వాపసు వచ్చే హెడ్‌లైట్లు. చోటు, పనిముట్లు, ఓపిక మూడూ ఉన్నవాళ్లకే ఆ దారి.

బాగుచేసి అమ్మడం మాత్రం దాదాపు ఎప్పుడూ నష్టమే, దెబ్బ బోల్టులతో ఊడే భాగాలను దాటనప్పుడు తప్ప. ఇది వినడానికి కష్టంగా ఉంటుంది, ఎందుకంటే యజమానికి ఆ కారు మళ్లీ నిలబడితే చూడాలని ఉంటుంది. పైగా బాగుచేయించిన కారులో దెబ్బ ఎక్కడుందో కొత్త పెయింటు కప్పేస్తుంది గనక కొనేవాడి అనుమానం తగ్గకపోగా పెరుగుతుంది. విప్పి పెట్టి చూపిస్తున్న దెబ్బకంటే కప్పి చూపిస్తున్న రిపేరే అతన్ని ఎక్కువ భయపెడుతుంది. ఎలాగూ బాగుచేయించాలనుకుంటే ప్రతి దశలోనూ ఫొటోలు తీయాలి, ముఖ్యంగా ప్రైమర్ కొట్టకముందు.

మధ్యస్థంగా ఇంకో దారి ఉంది, పాత కార్లవాళ్లు బాగా వాడేది. మార్పులు చేసినప్పుడు ఊడదీసిన ఒరిజినల్ పార్టులు అటక మీద ఉంటే, విలువైన మార్పుల సామాను తీసి విడిగా అమ్మి, ఒరిజినల్ చక్రాలు, సస్పెన్షన్ మళ్లీ బిగించి, బండిని కదిలే స్థితిలో అమ్మడం. చక్రాల మీద దొర్లే శిథిలానికీ క్రేన్‌తో ఎత్తాల్సిన శిథిలానికీ ధరలో చాలా తేడా ఉంటుంది, తీసుకెళ్లే ఖర్చే సగం బేరం.

విడిగా అమ్మేటప్పుడు అమ్మకూడనివి కొన్నున్నాయి. గుద్దుకున్నప్పుడు మనిషి బరువు మోసిన హార్నెస్ బెల్టు (రేసు సీటు బెల్టు) సాగిపోయి ఉంటుంది, కంటికి తెలియదు. దాని స్థానం చెత్తబుట్ట. ప్రపంచ మోటార్ క్రీడల సంస్థ ఎఫ్‌ఐఏ గుర్తింపు ఉన్న హార్నెస్‌లకు యాక్సిడెంట్ కాకపోయినా ఐదేళ్లే గడువు. ఫైబర్‌గ్లాస్ బకెట్ సీటు షెల్‌లో గుడ్డ కింద చీలిక ఉండొచ్చు, విప్పి చూడకుండా ఇవ్వకూడదు. పేలిన ఎయిర్‌బ్యాగులు, ప్రీటెన్షనర్లు (గుద్దినప్పుడు బెల్టును బిగించేవి) ఒక్కసారి వాడేవే. ఎక్కడి నుంచో చవకగా తెచ్చిన ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ (బ్యాగును ఉబ్బించే పరికరం) బిగించి అమ్మడం గురించి చెప్పనే అక్కర్లేదు. నాసిరకం ఇన్‌ఫ్లేటర్లు పేలి లోహపు ముక్కలు మనుషుల మీదికి దూసుకెళ్లిన ఘటనల తర్వాత 2024లో అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ బహిరంగంగా హెచ్చరిక జారీ చేసింది. స్పోర్ట్స్ స్టీరింగ్ పెట్టి ఎయిర్‌బ్యాగ్ తీసేసి, హెచ్చరిక లైటు వెలగకుండా రెసిస్టర్ అతికించిన కార్లు చాలా ఉన్నాయి. అలాంటిదైతే ఆ సంగతి ప్రకటనలోనే రాయాలి. తాను ఎక్కిన కారులో ఎయిర్‌బ్యాగ్ ఉందనే నమ్మకంతో ఒకరు నడుపుతుంటారు.

కొనేది ఎవరు, ప్రకటన ఎవరికి

ఇలాంటి బండి కొనేవాళ్లు నాలుగు రకాలు. ట్రాక్ కారు కట్టుకునేవాడికి షెల్ ముఖ్యం, పెయింటు పట్టదు, ముద్ర కూడా పెద్దగా పట్టదు. తన కారుకు ఇంజిన్ వెతుక్కునేవాడికి లాగ్‌లు, లీక్‌డౌన్ అంకెలు ముఖ్యం, షెల్ వంకరైనా పర్లేదు. పార్టుల వ్యాపారి అన్నిటికీ తక్కువ ఇస్తాడు, అన్నీ ఇవాళే తీసుకెళ్తాడు. బాగుచేసి అమ్మేవాడు కూడా వస్తాడు, ఎక్కువ అడిగేది, తక్కువ మాట్లాడేది అతనే. ఒకే ప్రకటనతో నలుగురినీ పిలవాలనుకోవడం వల్లే ‘పెద్దగా దెబ్బేం లేదు, కొంచెం పని ఉంది, తెలిసినవాళ్లకు బంగారం’ లాంటి వాక్యాలు పుడతాయి. వాటిని నమ్మి ఎవరూ రారు.

పనిచేసే ప్రకటన పొడిగా ఉంటుంది: ‘ముందు ఎడమ మూలన గుద్దింది. ఎడమ చాసిస్ రైలు చివర ముడత ఉంది, ఫొటో 6. టవర్ల కొలత తీయించాం, ఎడమది లోపలికి 4 మిల్లీమీటర్లు, షీటు ఉంది. బంపర్ బీమ్ ఇంటర్‌కూలర్ కోసం ముందే కోసి ఉంది. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ లేదు, స్పోర్ట్స్ స్టీరింగ్. ఇంజిన్ లాగ్, లీక్‌డౌన్ అంకెలు కింద ఇచ్చాం. ఎడమ ముందు చక్రం పగిలింది, మిగిలిన మూడిటిని పగుళ్ల కోసం రంగు ద్రవంతో పరీక్ష చేయించాం.’ దీనిలో పొగిడే విశేషణం ఒక్కటీ లేదు. మార్పుల జాబితా బ్రాండు పేర్లతో, బిగించిన ఏడాదితో ఆ తర్వాత రావాలి, బిల్లుల మొత్తం మాత్రం ఎక్కడా రాకూడదు. దాన్ని రాయగానే చర్చ కారు నుంచి యజమాని నష్టం మీదికి మళ్లుతుంది, ఆ చర్చలో గెలిచినవాళ్లు లేరు.

ఫొటోలు కూడా అంతే. తడిపి కడిగిన బండి, సాయంకాలపు వెలుతురు, దెబ్బ లేని వైపు నుంచి తీసిన మూడొంతుల కోణం చూడగానే అనుభవమున్నవాడు రెండో వైపు గురించి ఆలోచిస్తాడు. మొదటి ఫొటోనే దెబ్బది పెడితే వచ్చే ఫోన్లు తగ్గుతాయి, వచ్చినవాళ్లు మాత్రం ట్రైలర్ తెచ్చుకుంటారు.

చేతులు మారేటప్పుడు యాజమాన్య మార్పిడి కాగితం మీద తేదీతో పాటు సమయం కూడా రాయించుకోవాలి. ఆ రాత్రే కొత్తవాడు దాన్ని రోడ్డెక్కిస్తే ఎవరి బండి అన్న ప్రశ్న రాకుండా ఉంటుంది. ‘ఉన్నది ఉన్నట్టు’ అనే రాత చాలామంది అనుకున్నంత గట్టి కవచం కాదు, తెలిసి దాచిన లోపానికి ఆ మాట రక్షణ ఇవ్వదన్నది చాలా దేశాల చట్టాల్లో ఉంది. దెబ్బల జాబితా రాసి కొనేవాడి సంతకం తీసుకుంటే అది నిజంగా కాపాడుతుంది. అన్నిటికంటే ఎక్కువగా మరిచిపోయేది ఈసీయూ. ట్యూనర్లు తమ మ్యాప్‌కు (ఈసీయూలో పెట్టిన సెట్టింగులకు) పాస్‌వర్డ్ పెట్టి తాళం వేస్తారు. యజమానికే అది తెలియని సందర్భాలు ఎన్నో. పాస్‌వర్డ్ లేని ఈసీయూతో కొత్తవాడు ఇంజెక్టర్ మార్చాలన్నా మొదటి నుంచి ట్యూన్ చేయించుకోవాలి. అది తెలిసిన మరుక్షణం అతను డబ్బు వెనక్కి అడుగుతాడు. ఆ ట్యూనర్‌కు ఫోన్ చేసి, తాళం తీస్తాడా లేదా, బేస్ మ్యాప్ ఇస్తాడా అని కనుక్కోవాల్సింది ప్రకటన పెట్టకముందే.